మేత కొనని ఏడాది: కార్తెల వారీగా మా కొట్టం డైరీ

రోహిణి కార్తె, 2024 మే చివర

ఈ ఏడాది పెట్టుకున్న పని ఒక్కటే. బయట నుంచి ఒక్క మోపు మేత కూడా కొనకుండా మళ్లీ రోహిణి దాకా పశువుల్ని సాకాలి. తవుడు, ఉప్పు, మందులు కొంటాం. గడ్డి, చొప్ప మాత్రం మా నేల మీదివే కావాలి. పోయిన వేసవిలో డెల్టా నుంచి వరిగడ్డి తెప్పిస్తే ట్రాక్టరు లోడు పది వేలు దాటింది. ఆవు ఇచ్చిన పాల డబ్బు అంతా ఆవు నోట్లోకే పోయింది.

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి దగ్గర ఎర్ర నేల. మొత్తం 4 ఎకరాలు. రెండున్నర ఎకరాలు వానాధారం, అరెకరం బోరు కింద, ఎకరం రాళ్ల బీడు. బీడులో నల్లతుమ్మ, రేగు, వేప చెట్లున్నాయి. కొట్టంలో రెండు ఒంగోలు ఆవులు, తెల్లావు, గౌరి. తెల్లావు పాలిస్తోంది. గౌరికి ఈ నెల మొదట్లో ఎదకొస్తే ఒంగోలు వీర్యమే అడిగి వేయించాం. వాటితో పాటు ఏడాదిన్నర పెయ్య. దొడ్డిలో 18 గొర్రెలు, ఒక పొట్టేలు. అన్నీ నెల్లూరు జొడిపి రకం, తెల్లటి ఒళ్లు, మూతి మీదా కళ్ల చుట్టూ నల్ల మచ్చలు. ఇవి గాక నాటు కోళ్లు.

ముందు కాగితం మీద లెక్క. ఆవు రోజుకు తన బరువులో రెండు, రెండున్నర శాతం ఎండు మేత తింటుంది. మా ఆవులకు తలా 8 కిలోలు, పెయ్యకు 4. అంటే రోజుకు 20 కిలోలు. మాకు పచ్చిక దొరకని కాలం ఫిబ్రవరి చివర నుంచి జూలై మధ్య దాకా, సుమారు 140 రోజులు. అక్కడికే 2,800 కిలోలు అయింది. గొర్రెలు బయట తిరిగి మేస్తాయి గానీ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో సాయంత్రం దొడ్డిలోకి వచ్చాక తలకు అరకిలో అయినా పడకపోతే ఎముకలు తేలతాయి. దానికి ఇంకో 800. మొత్తం 3,600 కిలోలు.

ఇది ఎక్కడ పండుతుందని చూస్తే పంట ప్రణాళికే మారిపోయింది. పోయినేడు మూడొంతుల నేల కందికే పెట్టాం. ఈసారి సజ్జ, కంది కలిపి. గింజ ఎంతొస్తుందని కాదు, కట్టె ఎంతొస్తుందని చూసి విత్తనం ఎంచుకుంటున్నాం. పొట్టి హైబ్రిడ్ సజ్జ ఎకరానికి గింజ ఎక్కువే ఇస్తుంది, కాదనను. కానీ ఆ విత్తనం ఏటా కొనాల్సిందే, చొప్ప కూడా తక్కువ. మేం ధనశక్తి తెచ్చాం. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్ల ఐసీటీపీ 8203 నుంచి వచ్చిన సజ్జ రకం, గింజలో ఇనుము ఎక్కువ. హైబ్రిడ్ కాదు కాబట్టి మంచి కంకులు ఎంచి మళ్లీ విత్తనానికి దాచుకోవచ్చు. కంది, గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం వాళ్ల ఎల్‌ఆర్‌జీ-41.

మృగశిర కార్తె, జూన్

జూన్ మొదటి వారంలోనే రుతుపవనాలు రాయలసీమ దాటి మన వైపు వచ్చేశాయి. రెండు మంచి జల్లులు పడ్డాయి. నీటి కుంటలో మోకాలి లోతు నీళ్లు చేరాయి. ఈ కుంట ఉపాధి హామీలో తవ్వించుకున్నది, 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మా ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. మనుషులం క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగుతాం, పశువులు పుట్టినప్పటి నుంచి ఆ బోరు నీళ్లే తాగుతాయి. ముసలి ఆవుల పళ్లు చూస్తే గోధుమ రంగు చారలు, అరుగుదల కనిపిస్తాయి. అందుకే వాన నీళ్లు ఉన్నన్నాళ్లూ కొట్టం తొట్టికి కుంట నుంచే పైపు.

గొర్రెలకు నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించి, వారం ఆగి చిటుకు రోగం టీకా వేయించాం. ఈ టీకా కొత్త గడ్డి మొలిచే లోపే పడాలి. ఎండు గడ్డి తిన్న కడుపులోకి ఒక్కసారిగా లేత పచ్చిక వెళ్తే పేగుల్లో ఉండే సూక్ష్మజీవి విషం వదులుతుంది. పొద్దున బాగా ఉన్న గొర్రె మధ్యాహ్నానికి గిలగిల కొట్టుకుని పోతుంది. అదీ మందలో అన్నిటికన్నా బలంగా ఉన్నదే ముందు పోతుంది, ఎందుకంటే అదే ఎక్కువ మేస్తుంది. టీకా ఐసు పెట్టెలో తెచ్చి, ఎండెక్కక ముందే పూర్తి చేశాం.

రెండు కోళ్లు పొదిగాయి. పిల్లలకు వారం దాటగానే కంట్లో ల్యాసోటా టీకా చుక్కలు వేశాం. కొక్కెర తెగులు ఒకసారి ఇంట్లోకి వస్తే ఒక్క కోడినీ మిగల్చదు.

ఆరుద్ర కార్తె, జూన్ చివర, జూలై మొదట్లో

ఏరువాక పున్నమి ఈసారి ఆరుద్ర మొదట్లోనే వచ్చింది. ఊళ్లో ఎడ్ల జతలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటిలో ఒక జత మాకు గొర్రు తోలడానికి వచ్చింది. ట్రాక్టరుతో విత్తించవచ్చు, కానీ సజ్జ గింజ సన్నం, రెండంగుళాలు దాటి లోతుకు పోతే మొలవదు. జడ్డిగంలో గింజ వదిలే చెయ్యి మా అత్తయ్యది. ఆవిడ నడుస్తుంటే గింజ తెగదు, గుంపుగా పడదు. ఎకరానికి 2 కిలోల సజ్జ, 2 కిలోల కంది. రెండు సాళ్లు సజ్జ, ఒక సాలు కంది.

విత్తనశుద్ధికి ముందు రోజు బీజామృతం పట్టించి నీడన ఆరబెట్టాం. ఎరువుగా ఘన జీవామృతం దుక్కిలోనే చల్లేశాం. పేడ, మూత్రం రెండూ మా కొట్టంలోవే. బెల్లం, శనగపిండి కొన్నాం.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. నాలుగో రోజు రాత్రి కురిసింది. వారానికి సాళ్లు గీత గీసినట్టు కనిపించాయి.

బోరు కింద అరెకరంలో 20 సెంట్లు కో-4 గడ్డి పాతది ఉంది. మిగిలిన దాంట్లో పశుగ్రాసం జొన్న, మధ్యలో అలసంద చల్లాం.

పుష్యమి

కలుపు. దంతె తోలాం, సాళ్లలో చేత్తో తీశాం. తీసిన కలుపు గట్టు మీద పారేయకుండా గంపలతో కొట్టానికి. గరిక, చెంచలి కూర ఆవులకు, వయ్యారిభామ మాత్రం వేరు చేసి కాల్చేశాం. దాన్ని పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి, తీసేవాళ్లకు చేతులు దద్దుర్లు.

వేప పళ్లు రాలాయి. పిల్లలు ఏరుకొచ్చారు, గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టాం. నవంబరులో కందికి ఇవే మందు.

ఆశ్లేష, మఖ కార్తెలు, ఆగస్టు

మా చేల మీద వాన మొహం చాటేసింది. సజ్జ పొట్ట దశలో ఆకులు చుట్టుకుపోయాయి. ద్రవ జీవామృతం పలచన చేసి పిచికారీ చేశాం. దాని వల్లే నిలబడిందని గట్టిగా చెప్పలేను గానీ చేను చావలేదు.

ఈ కార్తెలో పెయ్య దక్కడమే పెద్ద సంగతి. పలుపు తెంపుకుని పక్క చేలోకి పోయింది. అక్కడ జొన్న కోసేసిన మోళ్ల నుంచి కొత్త పిలకలు మొలిచి, నీళ్లు లేక వాడి ఉన్నాయి. మా ఆయన వెళ్లి తోలుకొచ్చేసరికి నాలుగు నోళ్లు మేసినట్టుంది. కొట్టం దాకా నడిచి రాలేకపోయింది. కాళ్లు తడబడ్డాయి, నోటి వెంట నురగ, శ్వాస ఈడ్చి ఈడ్చి తీస్తోంది. కింది పెదవి వంచి చూస్తే చిగుళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అమ్మాయ్, నాము కట్టింది. పడుకోనీకండి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి," అంది అత్తయ్య. ఆవిడే బెల్లం నీళ్లు కలిపి కొంచెం కొంచెం పట్టింది. మంచి వేళకు పశువుల డాక్టరు గారు పక్క ఊళ్లోనే ఉన్నారు. వచ్చీ రాగానే మెడ నరంలో రెండు ఇంజెక్షన్లు ఒకదాని వెంట ఒకటి ఎక్కించారు. కాసేపటికి శ్వాస కుదుటపడింది. చెవులు కదిపింది. సాయంత్రానికి నీళ్లు తాగింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు.

జొన్న లేతగా ఉన్నప్పుడు, అందులోనూ నీటి ఎద్దడికి వాడినప్పుడు, కోసిన మోళ్ల నుంచి పిలక లేచినప్పుడు దాంట్లో సయనైడ్ విషం ఎక్కువ. నాము కట్టడమంటే ఇదే. పూత వచ్చాక తగ్గుతుంది, కోసి బాగా ఎండబెడితే పోతుంది. మా అరెకరంలో జొన్నకు కూడా నీళ్లు పెడుతూ పూతకొచ్చాకే కోశాం, అదీ ఒక పూట ఎండలో ఆరనిచ్చి. సజ్జలో ఈ భయం లేదు. మెట్ట చేలో జొన్న కాకుండా సజ్జ వేయడానికి ఇదీ ఒక కారణమే. పశువులున్న ఇంట్లో 1962 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. సంచార పశు వైద్య వాహనం ఆ నంబరుకే వస్తుంది.

పుబ్బ

ఆగస్టు చివర ముసురు పట్టింది. మాకు అది ప్రాణం పోసింది. అదే వానకు విజయవాడలో బుడమేరు పొంగి సగం నగరం నీళ్లలో ఉంది. టీవీలో పశువులు నీళ్లలో నిలబడి ఉండటం చూస్తే మనసు కలుక్కుమంది. మా సజ్జ కంకి బయటికి వచ్చింది. పిచ్చుకలు, చిలకలు దిగాయి, పొద్దునా సాయంత్రం డబ్బా కొట్టే పని అత్తయ్యది, పిల్లలది.

హస్త కార్తె, సెప్టెంబరు చివర

ఏడాది మొత్తంలో అతి ముఖ్యమైన పని ఇదే, కాబట్టి వివరంగా రాసుకుంటున్నా.

సజ్జ కోత రెండు విడతలు. ముందు కంకులు కొడవలితో కోసి బుట్టల్లో వేసుకున్నాం. విత్తనానికి నడిచేను నుంచి, నిండుగా, పొడుగ్గా, తేనెబంక తెగులు లేని కంకులు వేరుగా ఎంచాం. తేనెబంక పట్టిన కంకులు కాల్చేశాం, అవి గింజలో కలిస్తే మనుషులకూ పశువులకూ విషమే. తర్వాత కట్టె కోత. చాలామంది కంకి కోశాక కట్టెను వారం, పది రోజులు చేలోనే నిలబెట్టేస్తారు. నిలబడి ఎండిన కట్టెలో ఆకు రాలిపోయి పుల్ల మిగులుతుంది. ఆవు ఇష్టపడి తినేది ఆకే. అందుకని కంకి కోసిన మర్నాడే కట్టె కోయించాం. కూలీ ఖర్చు ఎక్కువైంది, అయినా చొప్పలో ఆకు పచ్చగానే నిలిచింది.

పనలు కట్టి, నాలుగైదు పనలు ఒకచోట తలలు ఆనించి నిలబెట్టాం. మధ్యలోంచి గాలి ఆడుతుంది. మూడు రోజులకు తిప్పి పెట్టాం. కట్టె విరిస్తే ఫట్‌మని విరగాలి. వంగితే ఇంకా చెమ్మ ఉన్నట్టే. ఆ చెమ్మతో వామి (గడ్డివాము) వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, బూజు చొప్ప సూడి పశువుకు పెడితే ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది.

ఈ పని జరుగుతున్నన్ని రోజులూ టెన్షనే. అక్టోబరు వానలు మాకు పెద్దవి. అవి వచ్చే లోపు వామి పైకప్పు పడాలి.

వామి వేయించడానికి ఊళ్లో ఒక పెద్దాయన వచ్చాడు. ముందు నేల మీద మోకాలెత్తు రాళ్లు పేర్చాడు. రాళ్ల మీద తుమ్మ కంప, కంప మీద ఎండు వేపాకు. చెదలు ఎక్కకుండా, కింద నుంచి గాలి ఆడేలా. పనల మొదళ్లు బయటికి, కొసలు లోపలికి పెట్టి గుండ్రంగా పేర్చుకుంటూ పోయాడు. ప్రతి వరసకూ నడి భాగం కాస్త ఎత్తు చేస్తాడు. అడిగితే, "నడుమ పల్లం పడితే పైన ఎంత కప్పినా నీళ్లు లోపలికే దిగుతాయి తల్లీ. ఎత్తుంటే కప్పు చిరిగినా నీళ్లు బయటికే జారతాయి," అన్నాడు. పైకి వచ్చేకొద్దీ చుట్టు తగ్గించి, కొస మీద బోదగడ్డి కప్పి, తాళ్లు అడ్డంగా నిలువుగా వేసి రాళ్లు వేలాడదీశాడు. వేస్తున్నప్పుడే కొన్ని పనలు తూచి సగటు లెక్క వేశాం. 430 పనలు, పన సుమారు ఐదున్నర కిలోలు. 2,350 కిలోల పైచిలుకు. మొత్తం 3,600లో చొప్ప వంతుగా అనుకున్న 2,500కి కొంచెం తక్కువే.

గింజ 9 క్వింటాళ్లు. మాకు తిండికి, కోళ్లకు, గొర్రె పిల్లలకు ఉంచుకుని మిగిలింది అమ్మాం.

చిత్త కార్తె, అక్టోబరు

బంగాళాఖాతంలో వాయుగుండం. అక్టోబరు 17న చెన్నైకి ఉత్తరంగా తీరం దాటింది, దాని ముందు వెనకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గట్టి వానలు. చిత్త కురిస్తే చింతలు కాయును అంటారు, చింతల సంగతేమో గానీ కంది మాత్రం ఒక్కసారి ఎగిసింది. సజ్జ తీసేశాక దొరికిన వెలుతురు, దానికి తోడు ఈ వాన. వామిలో చెయ్యి మోచేతి దాకా దూర్చి చూశాం, పొడిగా ఉంది.

కుంట నిండింది.

స్వాతి, విశాఖ

21వ పశుగణన మొదలైంది. మా ఇంటికి కూడా వచ్చి ఆవుల జాతి, వయసు, గొర్రెలు, కోళ్లు అన్నీ ఫోన్‌లో ఎక్కించుకున్నారు. జాతి అని అడిగినప్పుడు "ఒంగోలు" అని చెప్పడంలో ఒక తృప్తి ఉంటుంది. బ్రెజిల్‌లో నెలోర్ అన్న పేరుతో కోట్ల కొద్దీ ఉన్న పశువులకు మూలం మన నేల మీది ఈ జాతే. మన ఊళ్లలో మాత్రం జత ఎడ్లు దొరకడం కష్టమైంది. చదలవాడ పశుక్షేత్రం, లాం ఫారం లాంటివి ఈ జాతిని నిలబెట్టే పనిలో ఉన్నాయి. ఇంటింటికీ ఒక ఆవు నిలవకపోతే వాళ్లు మాత్రం ఎంతని చేస్తారు?

అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు, నవంబరు చివర, డిసెంబరు

తొలకరి గడ్డికి కట్టిన గొర్రెలన్నీ ఇప్పుడు వరసగా ఈనుతున్నాయి. గొర్రె చూలు ఐదు నెలలు కదా. సూడి చివరి నెలన్నరలో తలకు పిడికెడు నానబెట్టిన సజ్జ, కొంచెం తవుడు అదనంగా పెట్టాం. కడుపులో పిల్ల పెరిగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. అప్పుడు తల్లికి మేత తగ్గితే పాలు దిగవు.

నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మాకు పెద్ద గాలి లేదు గానీ చలి, ముసురు. ఆ తడి రోజుల్లోనే ఎక్కువ ఈతలు. దొడ్డికి పడమర వైపు తాటాకు దడి కట్టి, కింద పొడి ఇసుక, దాని మీద వేరుశనగ పొట్టు పరిచాం. పుట్టిన పిల్ల ముక్కులో జిగురు తుడిచి, బొడ్డుకు టించర్ అయోడిన్ పూసి, అరగంట లోపు ముర్రుపాలు నోట్లో పడేలా చూడటమే మా పని. మిగతాది తల్లి చూసుకుంటుంది.

ఒక తొలిచూలు గొర్రె మాత్రం పిల్లను దగ్గరికి రానివ్వలేదు. పిల్ల పొదుగు దగ్గరికి వస్తే తలతో నెట్టేస్తోంది. మందలు తోలే కుర్రాడు ఒకడు చూసి, "అక్కా, దాన్ని మూలకి కట్టు. పిల్ల వీపు మీద దాని పాలే పిండి పూయి," అన్నాడు. తల్లిని రెండు తడికెల మధ్య కదలకుండా కట్టి, పాలు పిండి పిల్ల వీపుకూ తోకకూ రుద్దాం. పిల్లను పొదుగు కింద పట్టుకుని చప్పరించనిచ్చాం. మొదటి రోజు కాళ్లతో తన్నింది. రెండో రోజు పిల్ల తోక వాసన చూసింది. మూడో రోజు పొద్దున తడికె తీసేసరికి పిల్ల అరిస్తే అదే తిరిగి చూసి "మే" అంది. ఆ చిన్న శబ్దానికి ఎంత సంతోషం వేసిందో రాయలేను.

మొత్తం 15 ఈనాయి, ఒకదానికి కవలలు. ఒక పిల్ల దక్కలేదు, పుట్టడమే బలహీనంగా పుట్టింది.

మబ్బుకు కందిలో మారుకా పురుగు దిగింది. పూత, లేత కాయ, ఆకు అన్నీ కలిపి గూడు అల్లి లోపల కూర్చుని తింటుంది, అందుకే పైన కొట్టిన మందు దానికి సులువుగా తగలదు. గూళ్లు కట్టక ముందే కొట్టాలి. ఎండబెట్టిన వేప గింజలు 5 కిలోలు దంచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడకట్టి 100 లీటర్లు చేసి, కొంచెం సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట పిచికారీ. పది రోజులకు మరోసారి. గూళ్లు కట్టిన కొమ్మలు చేత్తో తుంచేశాం. పూత కొంత పోయింది. సగానికి సగం పోతుందేమో అనుకున్నాం, అంత కాలేదు.

ఉత్తరాషాఢ, సంక్రాంతి

కనుమ నాడు ఆవులకు పసుపు, కుంకుమ, కొమ్ములకు రంగులు. పొంగలి ముందు కొట్టంలో పెట్టి తర్వాతే మేం తిన్నాం. తెల్లావు అనుకున్నట్టే వట్టిపోయింది. నెలాఖరులో ఊళ్లో పశు ఆరోగ్య శిబిరం పెడితే అన్నిటికీ నట్టల మందు వేయించాం.

శ్రవణం, ధనిష్ఠ కార్తెలు, జనవరి చివర, ఫిబ్రవరి

కంది కోత. మొదలంటా కోసి కళ్లంలో ఎండబెట్టి కర్రలతో కొట్టాం. గాలి చూసుకుని తూర్పారబట్టడం రెండు పొద్దున్లు పట్టింది. గింజ ఏడు క్వింటాళ్లు. ఈ 2024-25 పంటకు క్వింటాలు మద్దతు ధర 7,550 రూపాయలు. పోయినేడు కంది ధర పది వేలు దాటిన రోజులు చూసిన వాళ్లకు ఈసారి మార్కెట్ నీరసంగానే ఉంది. ఇంటికి పప్పు ఆడించుకోవడానికి రెండు క్వింటాళ్లు ఉంచాం.

అందరూ గింజ దగ్గర నిలబడతారు, నేను పొట్టు దగ్గర నిలబడ్డాను. కాయ డిప్పలు, విరిగిన ఆకు, నూక గింజ కలిసిన కందిపొట్టు ఎండాకాలంలో పశువుకు దొరికే మేతల్లో బలమైనది. చొప్పలో లేని మాంసకృత్తులు దీంట్లో ఉంటాయి. మిషన్‌కు వేసి కొట్టించిన వాళ్ల పొట్టు గాలికి చేను నిండా పోతుంది, అందుకే కూలీ ఎక్కువైనా కర్రతోనే కొట్టించాం. 560 కిలోలు గోతాల్లో కుక్కి అటక ఎక్కించాం. కందికంపతో దొడ్డి చుట్టూ దడి పడింది, మిగిలింది పొయ్యిలోకి.

ఇదే సమయంలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ. కోళ్ల ఫారాల్లో లక్షల కోళ్లు పోయాయని వార్తలు. మాకు దూరమే అయినా కోళ్లను బయటికి వదలడం ఆపేశాం. నీటి కుంటకు వలస పక్షులు వస్తాయి కాబట్టి కోళ్లకు నీళ్లు కుంటవి కాకుండా బోరువి పెట్టాం. గంప కింద కోడి సంతోషంగా ఉండదు, గుడ్లు తగ్గిపోయాయి. అయినా మార్చి మధ్య దాకా వదల్లేదు.

శతభిషం, ఫిబ్రవరి చివర

గౌరి ఈనింది. పెయ్యదూడ. పొద్దుగూకే వేళ నొప్పులు మొదలయ్యాయి, ముందు రెండు గిట్టలు, వాటి మీద మూతి, సరైన వరసలోనే కనిపించాయి కాబట్టి మేం చెయ్యి పెట్టలేదు. మాయ కూడా అర్ధరాత్రి లోపే పడింది. మర్నాడు దూడ కడుపు నిండాకే జున్ను పాలు పిండాం, వాటా ప్రకారం ఇరుగు పొరుగుకి.

ఇక్కడి నుంచి వామి తెరిచాం. చాఫ్ కట్టరుతో రెండంగుళాల ముక్కలు కొట్టి, ఉప్పు నీళ్లు చిలకరించి, పైన కందిపొట్టు. కోయకుండా నిలువు కట్టె వేస్తే మొదళ్లు తొక్కి వదిలేస్తాయి. పాత పద్ధతిలో మూడో వంతు అలా పేడలో కలిసేది. గౌరికి అదనంగా కో-4 పచ్చి గడ్డి.

రేవతి, అశ్విని కార్తెలు, ఉగాది దాటాక

నల్లతుమ్మ కాయ రాలుతోంది. పొద్దున్నే బీడుకు పోయి ఏరుకొస్తే గోతాం నిండుతుంది. గొర్రెలకు తుమ్మకాయ అంటే ప్రాణం. ఎండబెట్టి దాచుకున్నది 250 కిలోలు దాకా అయింది. బీడు చదును చేసి సుబాబుల్ వేసుకోమని సలహా చెప్పేవాళ్లున్నారు. మా వైపు ఎటు చూసినా సుబాబుల్, జామాయిలే. డబ్బు వస్తుంది, నిజమే. కానీ తుమ్మ కాయ, రేగు ఆకు, వేప నీడ పోతే ఈ గొర్రెలు ఏప్రిల్ నెల ఎలా గడుపుతాయి? బీడు ఇలాగే ఉంటుంది.

రాత్రి పూట గొర్రెల్ని దొడ్డిలో కాకుండా ఖాళీ చేలోనే తడికెల మధ్య ఉంచుతున్నాం. మూడు రాత్రులకోసారి తడికెలు జరుపుతాం. గత్తం ఎత్తి మోసే పని లేకుండా మూత్రంతో సహా నేలకే చేరుతుంది. ఎకరన్నర అయింది. మిగిలిన దానికి పడమటి నుంచి వచ్చిన పెద్ద మంద వాళ్లను అడిగి నాలుగు రాత్రులు మంద పెట్టించాం. వాళ్లకు సజ్జలు, కొంత డబ్బు ఇచ్చాం.

భరణి, కృత్తిక కార్తెలు, మే

ఎండ ముదిరింది. కుంట మార్చిలోనే అడుగంటింది. బోరు గంటన్నర పోసి ఆగుతోంది, అందుకే కో-4కి నీళ్లు సగానికి కోసి పశువులకే ముందు. ఈ ఎండల్లో ఆవు రోజుకు 50 లీటర్లు తాగుతుంది.

మేత లెక్క తేలింది. మే మధ్యకు చొప్ప 800 కిలోల పైన ఉంది. కందిపొట్టు అయిపోవచ్చింది, ఇక గౌరికి మాత్రమే. తుమ్మకాయ సగం ఉంది. రోజుకు ఇరవై అనుకున్న దానిలో పద్దెనిమిదితోనే సరిపోయింది, కట్టరు వల్ల వృథా తగ్గింది. జూలై మొదటి వారం దాకా ధైర్యంగా లాగవచ్చు. అక్కడి నుంచి వారం పది రోజులు కో-4 మీద ఆధారపడాలి, తొలకరి బాగా ఉంటే ఆ అవసరమూ రాదు. ఈ ఏడాది గడ్డి ట్రాక్టరు మా గేటు లోపలికి రాలేదు.

బక్రీదుకు ముందే పొట్టేలు పిల్లలు ఎనిమిదింటిని అమ్మాం, జత 12 వేల లెక్కన. పెంటి పిల్లల్ని ఉంచాం.

రోహిణి కార్తె, 2025 మే చివర

ఈసారి రోళ్లు పగిలే ఎండ రాలేదు. మే 24నే రుతుపవనాలు కేరళను తాకాయి, 26కి రాయలసీమలో ఉన్నాయి. టీకాలు వేయక ముందే గడ్డి మొలిచేలా ఉందని చిటుకు మందు కోసం రైతు సేవా కేంద్రానికి పరుగెత్తాం. నట్టల మందుకూ టీకాకూ మధ్య ఆగే వారం ఆగకుండా మేతకు వదిలే వీల్లేదు కాబట్టి గొర్రెల్ని ఆ వారమంతా బీడుకు పంపకుండా చొప్ప, తుమ్మకాయ మీదే ఉంచాం. వామి ఉండబట్టి ఆ పని చేయగలిగాం.

వచ్చే ఏడాదికి మార్పులు రాసుకున్నాం. బోరు కింద జొన్న తీసేసి ఆ జాగాలో అలసంద, అవిశ చెట్లు. రెండో వామికి రాతి పునాది ఇప్పుడే వేయాలి, అక్టోబరులో కూలీలు దొరకరు. గొర్రెలు 22 దాటకూడదు, అంతకు మించితే ఏప్రిల్‌లో బీడు తట్టుకోలేదు. పెయ్యకు ఈ ఆరుద్రలో ఎద వస్తే ఒంగోలు వీర్యమే. ధనశక్తి విత్తనం కుండలో వేపాకు మధ్య ఉంది, మొలక కట్టి చూశాం, నూటికి తొంభై పైనే వచ్చింది. ఎడ్ల జత వాళ్లకు బయానా ఇచ్చి వచ్చాం.